కోన సాగాలి

సుంకరి పాకలో పెద్దపులి పడుకుని నిద్రపోతోంది.

తారాగిరి రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో, ఏనుగుల కోనకు పోయే బాట మొదట్లో ఉన్న పాక అది. సుంకరి కూర్చునే పీట మీద తల ఆనించి, తోకను గడప అవతలికి చాపి పులి గుర్రు పెడుతుంటే, సుంకరి మాత్రం పక్కనున్న వేపచెట్టు కొమ్మను కౌగిలించుకుని ఉన్నాడు. బాట మీద బండ్లు బారులు తీరి నిలిచిపోయాయి. ముందుకు పోవాలో వెనక్కి మళ్ళాలో ఎవరికీ తోచడం లేదు. పులి ముందు నుంచి చప్పుడు కాకుండా జారుకుంటే అది సుంకం ఎగవేత కిందికి వస్తుందా రాదా అని ఇద్దరు వర్తకులు గుసగుసగా వాదులాడుకుంటున్నారు. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు కూడా మనుషులకు ఇలాంటి ధర్మసందేహాలు పుడుతూనే ఉంటాయి.

ఆ గుంపులో మూలికలమ్మేవాళ్ళ వేషంలో ఇద్దరున్నారు. ముతక తలపాగా చుట్టి, భుజాన గోనెసంచి వేసుకున్న పొడగరి తారాగిరి యువరాజు ఇందుశేఖరుడు. సంచిలో వేళ్ళూ దుంపల కింద అతని కత్తి దాగి ఉంది. పక్కన చెమటలు కక్కుతున్న బొద్దుమనిషి సింగన, యువరాజు తమలపాకుల పెట్టె మోసేవాడు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆకులకు సున్నం రాయడం తప్ప మరో సాహసం చేసినవాడు కాడు.

"పైన ఏం చేస్తున్నావయ్యా?" అని యువరాజు సుంకరిని అడిగాడు.

"కింద ఆయన ఉన్నాడు కదా బాబూ, నాకు చోటేదీ?" అన్నాడు సుంకరి. "మొన్న ఎలుగుబంటి వచ్చి మా ఊరి దిగుడుబావిలో కూర్చుంది. నిన్న కొండచిలువ సాలెవాళ్ళ మగ్గం గుంటలో చుట్ట చుట్టుకుంది. చూసుకోకుండా కాళ్ళు దింపిన ముసలాయన ఇంతవరకూ నోరు విప్పలేదు. ఎవరి చోటు ఎవరిదో తెలియకుండా పోయింది. అంతా ఆ ధూమ్రజటి మాయ."

ఆ పేరు వినగానే ఇందుశేఖరుడు పళ్ళు పటపట కొరికాడు. రాజ్యమంతా ఆ మాంత్రికుడినే తిట్టుకుంటోంది. యువరాజుకు మాత్రం సొంత కోపం ఉంది. అతని చెల్లెలు కుందలత పాదాల నుంచి మొదలై కొంచెం కొంచెంగా రాయిగా మారిపోతోంది.

తారాగిరి రాజులు పట్టాభిషేకం నాడు కోనను కాచే వనయక్షిణి ఎదుట ఒక ప్రమాణం చేస్తారు. "ఈ కోన సాగాలి. కోన సాగినన్నాళ్ళూ నా ఇల్లు సాగుతుంది." ఇదీ ఆ మాట. ముందటి రాజులు చదివి ఊరుకున్నారు గాని, కుందలత తండ్రి ధీరసేన మహారాజు అన్న మాట నిలబెట్టుకునే మనిషి. గద్దెనెక్కిన మరునాడే కోనకు గొడ్డళ్ళు పంపి, చెట్లు కొట్టించి, నేల దున్నించి సాగులోకి తెచ్చాడు. ఆ ఏడే కుందలత కాలివేళ్ళు రాయయ్యాయి. మాట నెరవేర్చడంలో ఏదో తక్కువైందని రాజు ఇంకొంత దున్నించాడు. రాయి మోకాళ్ళకెక్కింది. హడలిపోయి మరింత దున్నించాడు. ఇప్పుడు రాయి రొమ్ము దాటింది. ధూమ్రజటికి జడిసి ఎవరూ అడుగుపెట్టని నడికోన తప్ప, మిగిలింది వెండేటి ఒడ్డున ఏనుగుల రేవు ఒక్కటే. ఈ సాయంత్రం పొద్దు గుంకేలోగా రాజు బంగారు కర్రు నాగలితో దాన్ని స్వయంగా దున్ని ప్రమాణం పూర్తి చేస్తాడు. దాంతో పిల్ల బాగుపడితే సరే. పడకపోతే? అందుకే ఈలోగా మాంత్రికుడి తల తెచ్చి చెల్లెలి పాదాల దగ్గర పెట్టాలని ఇందుశేఖరుడు బయలుదేరాడు.

ఇంతలో పులి లేచింది. ఒళ్ళు విరుచుకుని, పాక బయటికి వచ్చి, జనం వైపు తిరిగి కూడా చూడకుండా ఉత్తరంగా నడిచింది. ఒకప్పుడు అడవి ఉన్న చోట కనుచూపు మేర ఎర్రటి దుక్కి. పులి దుక్కి అంచున నిలబడి అటూ ఇటూ చూసింది. ఒక మట్టిగడ్డను వాసన చూసింది. వీధి తప్పి వచ్చిన చుట్టంలాగా కాసేపు తచ్చాడి, మళ్ళీ పాక దారే పట్టింది. సరిగ్గా అప్పుడే సింగనకు తుమ్ము వచ్చింది.

పులి గాండ్రించింది. ఎడ్లు బెదిరి బండ్లను ఎటు పడితే అటు లాక్కుపోయాయి. యువరాజు సింగన నడుం పట్టుకుని దగ్గరున్న బండిలోకి ఎత్తి పడేసి, తానూ దూకాడు. ఆ బండి దుక్కిలోకి దిగి, గడ్డల మీద ఎగిరెగిరి పడుతూ, ఒక చక్రం ఊడి రెండో చక్రం మీదే పరుగెత్తి, ఏనుగులు పొలాల్లోకి రాకుండా రాజు తవ్వించిన కందకంలో ధబ్బున కూలింది. ఎడ్లు కాడి విరుచుకుని పారిపోయాయి.

"దొరా, బతికే ఉన్నామా?" అన్నాడు సింగన బండి కింద నుంచి.

"మాట్లాడుతున్నావు కదరా."

"నేను చచ్చినా మాట్లాడతానని మా ఆవిడ అంటుంటుంది. అందుకని అడిగాను."

కందకం అవతలి గట్టెక్కారో లేదో తేనెటీగలు వచ్చి పడ్డాయి. కొట్టేసిన మద్దిచెట్టు తొర్రలోంచి లేచినవి, గూడు పోయిన మంటలో దొరికినవాణ్ణి దొరికినట్టు కుడుతున్నాయి. ఇద్దరూ తలపాగాలు మొహాలకు చుట్టుకుని, కళ్ళు కనిపించక, ఎటు పోతున్నారో తెలియక పరుగెత్తి ఎండిన వాగులోకి దొర్లారు. సింగన ఊపిరి తీసుకుందామని ఒక దుంగ మీద చతికిలబడ్డాడు. దుంగ నోరు తెరిచింది. నీళ్ళు లేని వాగులో తనకేం పనో ఆ మొసలికే తెలియనట్టుంది. అది తేరుకునేలోగా యువరాజు సింగనను రెక్క పట్టి లాగాడు. ఇద్దరూ వెదురుపొదలను చీల్చుకుని అవతల పడ్డారు.

అవతల వేరే లోకం. గొడ్డలి ఇంకా ఎరగని కోన అది. ఆకాశాన్ని అంటే మద్దులూ వేగిసలూ కొమ్మకు కొమ్మ కలిపి, మధ్యాహ్నపు ఎండను పచ్చని వెలుగుగా వడగట్టి నేలకు దింపుతున్నాయి. అడవిమల్లెలు మానుల మీదికి పాకి తమంతట తామే పందిళ్ళు వేసుకున్నాయి. నెమళ్ళు పురులు విప్పిన చోట నేలంతా నీలాలు పరిచినట్టుంది. బండల సందుల్లో ఊటలు గలగలమని మొదలై, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, దిగువన వెండేరు అయ్యేది ఇక్కడి నుంచే. రాజధానిలో రాణివాసపు కొలను మొదలు చాకలిరేవు దాకా ప్రతి చుక్కా ఇక్కడ పుట్టిందే. అయితే ఆ శోభలో ఏదో ఇరుకు ఉంది. ఒక్కో కొమ్మ మీద నాలుగు రకాల పక్షులు సర్దుకోలేక పోట్లాడుకుంటున్నాయి. ఒకే తొర్రలోంచి ఉడుతా, ఉడుమూ, గుడ్లగూబా తొంగిచూస్తున్నాయి. చిన్న కొంపలో పెళ్ళివారు దిగినట్టుంది ఆ మిగిలిన అడవి.

కోన నడిమధ్య గుహ. గుహ ముందు పొగ.

"లోపల చీకటిగా ఉంది దొరా. నాకు చీకటి పడదు" అన్నాడు సింగన. "మీరు వాడి తల తీసుకుని రండి. ఈలోగా నేనిక్కడ మీకు ఒక తమలపాకు చిలక చుట్టి ఉంచుతాను."

యువరాజు కత్తి దూసి లోపలికి అడుగుపెట్టాడు. పెట్టిన అడుగు కుందేలు మీద పడబోయి పక్కకు జరిగింది. అక్కడ ముళ్ళపంది. గుహ నిండా జంతువులే. దుప్పి పక్కన రేచుకుక్క, దాని పక్కన దుప్పి పిల్ల, ఎవరినెవరు తినాలో మరచిపోయినట్టు మూలమూలల ముడుచుకుని ఉన్నాయి. వాటి మధ్య హోమగుండం ముందు, పొగరంగు జడలు నేల మీద పరుచుకుని ధూమ్రజటి కూర్చున్నాడు.

"మూలికలమ్మేవాడి చేతికి కత్తి కాయలుంటాయా అబ్బాయీ?" అన్నాడతను తలెత్తకుండా. "ధీరసేనుడి కొడుకువి. గుహ కూడా దున్నమని పంపాడా మీ నాన్న?"

"నా చెల్లెల్ని వదిలిపెట్టు. లేకపోతే నీ తల ఎగిరిపోతుంది."

"మెల్లగా మాట్లాడు. తలలో పిల్లలున్నాయి."

నిజమే. ఆ జడల్లో గోరువంకలు గూడు పెట్టుకున్నాయి. ఎర్రటి నోళ్ళు తెరుచుకుని నాలుగు పిల్లలు యువరాజును చూసి అరుస్తున్నాయి. ఎత్తిన కత్తి ఎటు దించాలో ఇందుశేఖరుడికి అర్థం కాలేదు.

"చెట్టుంటే చెట్టు మీద పెట్టుకునేవి" అన్నాడు మాంత్రికుడు. "మంత్రం చదువుదామంటే చెవిలో ఇదీ గోల. తేనెటీగల్ని మీ మీదికి తోలింది నేనే, ఒప్పుకుంటాను. ఆడపిల్లను రాయి చేయడం నా పద్ధతి కాదు. నన్ను వెళ్ళగొట్టడానికి అడవి నరికిస్తున్నాడు మీ నాన్న. ఆయన్నడుగు."

"నిన్ను వెళ్ళగొట్టడానికి కాదు. యక్షిణికిచ్చిన మాట ప్రకారం కోనను సాగు చేస్తున్నాం."

"సాగు చేయడమేమిటి? సాగేదాన్ని సాగనిస్తే చాలు కదా."

"అదే చేస్తున్నాం."

"ఏం చేస్తున్నారు?"

"సాగు."

ఇద్దరూ ఒకరినొకరు వెర్రిచూపులు చూసుకున్నారు. రాయబారులు భాష రాక యుద్ధాలు తెచ్చిపెట్టిన కథలు యువరాజు విన్నాడు గాని, ఇక్కడ ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే భాష.

అప్పుడే గుహ వెనక నుంచి ఘీంకారం వినబడింది. మాంత్రికుడు జడలు రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తిపట్టుకుని వెనకదారిన బయటికి నడిచాడు. యువరాజు వెంట పడ్డాడు.

అక్కడ ఏనుగుల మంద నిలబడి ఉంది. ముందు చెవులు చిరిగిన ముసలి ఏనుగు, మందకు పెద్ద. రేవుకు పోయే దారిని ఈ వైపు కూడా కందకం కోసేసింది. ముసలిది ముందరి కాలు ఎత్తి, గాలిలో తడిమి, పెట్టడానికి నేల దొరక్క మళ్ళీ వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఎత్తింది. తన తల్లీ, తల్లి తల్లీ నడిచిన దారి అక్కడ లేకపోవడం దానికి ఎంతకూ అంతుపట్టడం లేదు. వెనక గున్నలు దాహంతో తల్లుల పొట్టల కింద దూరుతున్నాయి.

మాంత్రికుడు నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసి, "సాగు తల్లీ. సాగు, సాగు" అన్నాడు.

ఇందుశేఖరుడు ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నావు?"

"సాగమన్నాను. నడవమన్నాను. నీకు తెలుగు రాదా?"

"ఆ మాట మా వైపు పశువుల మందలు తోలేవాళ్ళు అంటారు."

"మరి మీ మూలపురుషుడు ఎవరనుకున్నావు? ఆవుల మంద తోలుకుంటూ కరువుకాలంలో దారి తప్పి ఈ కోనలో పడ్డవాడు. వీటి అమ్మమ్మల వెంట నడిచి, అవి కాళ్ళతో తవ్విన చెలమలో నీళ్ళు తాగి బతికాడు. యక్షిణి ప్రమాణం చేయించిన రోజు నేనక్కడే ఉన్నాను. మందలు తోలేవాడికి తెలిసిన మాటతోనే చెప్పింది. కోన సాగాలి అని. ఏనుగులు నడవాలి, ఊటలు పారాలి, దేనికీ అడ్డు పడకూడదు అని. దానికి ఇంకో అర్థం కూడా ఉందా?"

"ఉంది" అన్నాడు ఇందుశేఖరుడు. "దున్నడం."

మాంత్రికుడు నోరు తెరిచాడు. "ఎప్పటి నుంచి?"

"మా తాతలు మందలు మాని నాగలి పట్టినప్పటి నుంచి కాబోలు."

చెల్లెలిని బతికించాలని తీసిన ప్రతి చాలూ ఆమె ఒంటిని రాయి చేసింది. పోయిన ఏడు నైరుతి చెక్కను దున్నినప్పుడు మేడి పట్టింది తనే. ఆ మాట గుర్తుకు రాగానే ఇందుశేఖరుడు మేడి పట్టిన ఆ చేతులను బట్టకు తుడుచుకున్నాడు. పొద్దు మద్దిచెట్ల నడుముకు దిగింది. రేవు దున్నితే రాయి మెడ దాటి, నోరు దాటి, కళ్ళు మూసేస్తుంది.

"ఇంత అడవి దాటి పొద్దు గుంకేలోగా రేవుకు ఎలా పోను?"

"నీ మొహంతో పోలేవు" అన్నాడు ధూమ్రజటి. "గొడ్డలి పట్టినవాళ్ళ మొహం అది. నా రూపం తీసుకుని పో. ఈగ కూడా అడ్డు రాదు. ఏనుగులు నీ మాట వింటాయి."

"మరి నువ్వు?"

"నీ రూపం నా దగ్గర తాకట్టు. ఇక్కడే పడి ఉంటాను. నాకు మాత్రం వేరే చోటుందా?"

ఆలోచించే వ్యవధి లేదు. యువరాజు చేతులు చాపాడు. మాంత్రికుడు బూడిద చల్లి చేతులు పట్టుకున్నాడు. లోకం గిర్రున తిరిగింది. కళ్ళు తెరిచేసరికి ఎదుట తన మొహమే తనను చూసి నవ్వుతోంది. నెత్తి మీద గోరువంక పిల్లలు ఆకలితో చెవి పీకుతున్నాయి. ఒక్క క్షణం తానెవరో ఇందుశేఖరుడికే సందేహం కలిగింది.

అతను ముసలి ఏనుగు మెడ మీదికి ఎగబాకి, "సాగు తల్లీ" అన్నాడు. ముసలిది ఈసారి ఆగలేదు. కందకం గట్టును నుదుటితో కుమ్మి కూల్చి, ఆ మట్టి మీద జారుతూ దిగి, అవతలి గట్టును అలాగే కుమ్మి ఎక్కింది. వెనకే మంద. తేనెటీగలు రెండుగా చీలి దారిచ్చాయి. వెదుళ్ళు ఫెళఫెళ విరిగాయి. మొసలి వాగు పక్కకు తప్పుకుంది. నేల దద్దరిల్లుతుంటే, జడల్లో పిల్లలు కిచకిచమంటుంటే, ఇందుశేఖరుడు పొద్దువైపే చూస్తూ పోయాడు. చెట్ల వెనక అది ఎర్రబడుతోంది.

రేవు దగ్గర డోళ్ళు మోగుతున్నాయి. ధీరసేన మహారాజు పట్టుపంచె గోచీ పెట్టి, బంగారు కర్రు నాగలి మేడి పట్టుకుని ఉన్నాడు. రేవులో సగం అప్పటికే దుక్కి అయింది. పక్కన తెర తీసిన పల్లకిలో కుందలత. గడ్డం దాకా రాయి. మాట పోయింది. కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి.

ఇందుశేఖరుడు ఏనుగు మీద నుంచి దూకి ఎడ్ల ముందు అడ్డంగా కూర్చున్నాడు. డోళ్ళు ఆగిపోయాయి. "ధూమ్రజటి" అని ఎవరో కేక పెట్టారు. విలుకాళ్ళు బాణాలు సంధించారు.

"నాన్నగారూ, ఆగండి. నేను మీ ఇందుశేఖరుణ్ణి" అన్నాడతను. బొంగురు గొంతు వచ్చింది. అతనికే నమ్మబుద్ధి కాలేదు.

"నా కొడుకు మాంత్రికుడి దగ్గర గుంజుకున్న ఆకాశ పాదుకల మీద ఇందాకే ఎగిరి వచ్చాడు. సింగన వెంటే ఉన్నాడు" అన్నాడు రాజు. "మాంత్రికుడి తల నరికి గుహలోనే పారేశానన్నాడు. రాజముద్రిక ఇచ్చి కోటకు పంపాను." ఆ మాట అంటూ అంటూ రాజు ఆగిపోయాడు. నరికిన తల ఎదురుగా మెడ మీదే ఉంది. దాని జడల్లో పిట్టలు కూడా ఉన్నాయి. "ఇదేమిటి? వాడు అబద్ధం చెప్పాడా, నువ్వు అబద్ధమా?"

తన రూపంతో మాంత్రికుడు గుహ దాటి వచ్చేశాడని ఇందుశేఖరుడికి తెలిసిపోయింది. కాని ఇప్పుడు ఆ సంగతి చూసుకునే సమయం కాదు. సాగు అంటే ఏమిటో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఆ మాట ఎత్తితే తెల్లారేదాకా తేలదు.

"నన్ను నమ్మవద్దు నాన్నగారూ. తరవాత చంపించండి. తీసిన చాళ్ళలో ఒక్కటి పూడ్చి, చెల్లెలి మెడ చూడండి. ఒక్కటి. మాంత్రికుడు చెప్పినా అందులో మీకు పోయేదేమీ లేదు."

రాజు కూతురి వైపు చూశాడు. కుందలత కళ్ళలోంచి నీళ్ళు రాతి చెంప మీదికి జారుతున్నాయి. దున్ని దున్ని ఏమీ తోచని మనిషి ఆయన. ఇన్నాళ్ళూ ఎవరైనా ఇంకో దారి చెబితే బాగుండునని లోలోపల ఏడ్చినవాడే. మేడి వదిలేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా మట్టి తోసి చాలు పూడ్చడం మొదలుపెట్టాడు. మంత్రులు బిత్తరపోయి చూస్తున్నారు. విల్లు దించాలో ఎక్కుపెట్టాలో తెలియక విలుకాళ్ళు రాజు వైపూ జడల మనిషి వైపూ మార్చి మార్చి చూస్తున్నారు.

చాలు పూడింది. ముసలి ఏనుగు తొండంతో ఆ మట్టిని తడిమి, ముందరి కాలు మెల్లగా దాని మీద పెట్టింది. నేల దొరికింది. ఇంకో అడుగు వేసి, నీటిలోకి దిగింది. మంద మొత్తం దాని వెనకే రేవులోకి సాగిపోయింది.

పల్లకిలో కుందలత గొంతు కదిలింది. మెడ మీది రాయి ఎండిన సున్నంలా పెచ్చులూడింది.

"నాన్నా" అంది. గొంతు పీలగా ఉంది. "పూడ్చండి. ఇంకా పూడ్చండి."

రాజు మట్టి చేతులతోనే ఆమె మొహం పట్టుకుని బావురుమన్నాడు. ఇందుశేఖరుడు కూడా ఏడ్చాడు. ఆ మొహం మీద కన్నీళ్ళు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. విలుకాళ్ళు ఇంకా తికమకపడ్డారు.

"అన్నయ్యను కొట్టకండి. ఈయనే అన్నయ్య" అంది కుందలత. "ఇందాక కోటకు వెళ్ళినవాడు కాదు నాన్నా. నాకు వినబడదనుకున్నాడేమో, పల్లకి దగ్గర ఆగి నా చెవిలో ఒక మాట చెప్పి వెళ్ళాడు."

"ఏమని తల్లీ?"

"నా చోటు మీ నాన్న పుచ్చుకున్నాడు, ఆయన చోటు నేను పుచ్చుకుంటున్నాను అని."

ధీరసేనుడు తన వేలు చూసుకున్నాడు. ముద్రిక ఉన్న చోట తెల్లటి గీత ఒక్కటే మిగిలింది. పొద్దు గుంకింది. కోటవైపు నుంచి తలుపులు మూసే నగారా వినబడింది.